అల్యూమినియపు చేపల పడవ: స్వయముగా తీర్చుకొను విధానము

చేపల వేటకు వాడు చిన్న అల్యూమినియపు పడవ 3 మొదలు 4.5 మీటర్ల పొడవును, అడుగున ఒక మీటరునకు అటునిటుగా వెడల్పును కలిగి, 1.5 మొదలు 2.5 మిల్లీమీటర్ల మందముగల రేకును వంచి, లోపల అడ్డబద్దలతో బిగించి, రివెట్లతోనో వెల్డింగుతోనో కూర్చిన తేలికపాటి జలవాహనము. కర్మాగారమునుండి వెలువడునపుడు ఇది రెండు మూడు అడ్డబల్లలు మాత్రమే గల ఒట్టి డొల్ల. దానియందు సమతలమైన నేలను పరచుట, వలలకును చేపలకును తావు లేర్పరచుట, నీరు నిండినను మునుగకుండ నురుగుపలకలు అమర్చుట, విద్యున్మోటారును బ్యాటరీని బిగించుట, రంగు వేయుట మున్నగు పనులను యజమాని తన చేతులతో తానే నెరవేర్చుకొనుటను ఈ వ్యాసమున పడవ సంస్కరణమని వ్యవహరింతుము. ఈ పనిలో వడ్రంగము, రేకుపని రెండును కలవు; కాని ఆ రెంటికంటె ముందు నడువవలసినది బరువు లెక్క. నేలమీద కట్టుకొను ఇంటికి అధికముగా వాడిన దూలము బలమే యగును గాని, పడవలో అధికముగా చేర్చిన ప్రతి బద్దయు నీటికిని అంచునకును నడుమనున్న ఎడమును తగ్గించుచునే యుండును.

అల్యూమినియము పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున విలువైన లోహములతో సరితూగిన అరుదైన వస్తువు. 1886లో అమెరికాయందు చార్లెస్ మార్టిన్ హాలును, ఫ్రాన్సునందు పాల్ ఎరూయును, ఒకరి ప్రయత్నము నొకరెరుగకయే, విద్యుద్విశ్లేషణముచే దానిని చౌకగా రాబట్టు మార్గమును కనుగొనిన పిమ్మట అది వంటింటి పాత్రలకును, అనంతరము విమానములకును దిగివచ్చినది. 1944లో గ్రమ్మన్ విమాన సంస్థ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్మన్, ఆడిరొండాక్ పర్వత ప్రాంతమున ఒక సరస్సునుండి మరియొక సరస్సునకు తన దోనెను మోసికొనిపోవుచు, ఆ భారమునకు విసిగి, విమానముల రేకుతోనే దోనె నేల చేయరాదని యోచించెను. 1945 నాటికి ఆ సంస్థ అల్యూమినియపు దోనెలను విక్రయింపసాగెను. యుద్ధానంతరము విమానముల గిరాకి సన్నగిల్లి, రేకును వంచి రివెట్లు కొట్టుటయందు సిద్ధహస్తులైన పనివారు మిగిలియుండిన కాలమది. ఆ నైపుణ్యమే చిన్న పడవలవైపు మళ్లి, చదునైన అడుగుగల చౌక పడవ అమెరికా మధ్యతరగతి గృహముల పెరటికి చేరగా, దానిని ఎవరికి వారు తమ వేటకు తగినట్లు తీర్చుకొను అభిరుచియు దానివెంటనే పుట్టెను.

మన ప్రాంతపు నీళ్లు, మన ప్రాంతపు నావలు వేరు. మహారాష్ట్రలోని బాలాఘాటు కొండలలో పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి, కందకుర్తివద్ద గోదావరిలో కలియు మంజీరానది సంగారెడ్డి జిల్లాకు ప్రాణనాడి. పుల్కల్ మండలమున సింగూరువద్ద దానికి కట్టిన జలాశయము దాదాపు 30 టీ.ఎం.సి.ల నీటిని నిలుపగలది. దానికి దిగువన కలబ్గూరు చెంత మంజీరా బ్యారేజి కలదు. ఇవి గాక ఊరూర చెరువులు. ఈ జలములందు బొచ్చె, రవ్వ, బంగారుతీగ, అన్నింటికంటె విలువైన కొరమీను లభించును. తెలంగాణము తన రాష్ట్రమత్స్యముగా ఎన్నుకొనినది కొరమీనునే. ముదిరాజులు, గంగపుత్రులు మున్నగు వృత్తిదారులు ఇచట తరతరములుగా వాడునవి రెండే: వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి, పూర్వము తోలును, నేడు తారు పూసిన ప్లాస్టిక్ గుడ్డను కప్పిన పుట్టి ఒకటి, కొయ్యదుంగలనో, నేటి కాలమున థర్మోకోలు దిమ్మలనో కట్టిన తెప్ప మరియొకటి. పుట్టిని చులకనగా చూచువారు దానిని నడిపి చూడనివారు. ఒక మనిషి తలమీద మోయదగిన బరువుతో, బురద రేవులో సైతము దిగి, ఇద్దరిని వలతో సహా మోయగల ఆ నావకు అల్యూమినియపు పడవ ప్రత్యామ్నాయమని చెప్పుటకు ముందు, దానికంటె ఇది ఏ విషయమున మెరుగో నిరూపింపవలెను. మెరుగు మూడు విషయములందు కలదు: ముళ్లకును మోడులకును చిల్లుపడదు, గాలికి ఎదురు నిలిచి తిన్నగా సాగును, నురుగుపలకలు సక్రమముగా నింపినచో నీరు నిండినను మనిషిని విడువదు. ఈ మూడవ గుణమే ప్రాణప్రదమైనది. థర్మోకోలు తెప్పకు మునుగుట లేకున్నను, దానిపై కూర్చున్నవాడు నీటిలోనికి జారకుండ ఆపు అంచు లేదు.

పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి వరకు వ్యాపించిన పారిశ్రామిక వాటిక ఈ పనికి సహజముగా అనువైన చోటు. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, దానికి పిమ్మట 1970ల నడుమనుండి పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, ఖాజీపల్లి ప్రాంతములందు వెలసిన మందుల పరిశ్రమలు, యంత్రభాగముల షెడ్లు, వేలకొలది వెల్డర్లను, ఫిట్టర్లను, రేకుపనివారిని తయారుచేసినవి. మందుల కర్మాగారములకు స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు కావలెను గనుక ఆర్గాన్ వెల్డింగు నెరిగినవారు ఇచట ప్రతి వీధిని ఉందురు. శీతల గదులకు వాడునవియు, నురుగుపలకలకు పనికివచ్చునవియునగు పఫ్ ప్యానెళ్ల ముక్కలు పాత సామానుల దుకాణములలో దొరకును. మియాపురమున ఆర్.టి.సి. బస్సుల బాడీలు కట్టు కర్మశాలయు, అంతకు పూర్వము హైదరాబాదు ఆల్విన్ సంస్థయు, అల్యూమినియపు రేకును ఉక్కుచట్రముపై రివెట్లతో పరచు విద్యను ఒక తరమంతటికిని నేర్పినవి. బస్సు ప్రక్కరేకుకును పడవ ప్రక్కరేకుకును చేతిపనిలో గల భేదము స్వల్పము. బస్సు కురిసిన వానను బయటికి జార్చిన చాలును, పడవ నిలిచిన నీటిని అనుక్షణము ఆపవలెను, అంతియే. ఎద్దుమైలారమునందలి ఆయుధ కర్మాగారమున తయారగు ‘శరత్’ యుద్ధవాహనము నీటిపై ఈదుచు నదిని దాటగలదనియు, టన్నులకొలది ఉక్కును నీటిపై తేల్చు లెక్క ఈ జిల్లాకు క్రొత్త కాదనియు ఇచట స్మరింపదగును.

మొదట లోహమును గూర్చి. అంగడిలో అల్యూమినియపు రేకు అని అడిగిన లభించునది పెక్కుసారులు దాదాపు శుద్ధమైన మెత్తని లోహము. అది డబ్బాలకును పైకప్పు అంచులకును తగును గాని పడవ అడుగునకు తగదు. మెగ్నీషియము కలిసిన 5052, 5083 అంకెల మిశ్రలోహములు నీటికి నిలుచును, వెల్డింగు చేసిన పిదప సైతము బలమును అంతగా కోల్పోవు. చట్రమునకు వాడు కోణపు బద్దలు, పెట్టెగొట్టములు సికింద్రాబాదు రాణీగంజులో హెచ్.ఈ.-9, హెచ్.ఈ.-20 అను పేర్లతో అమ్ముదురు; మొదటిది కిటికీలకు వాడు 6063, రెండవది 6061కి సమానమైన గట్టి రకము. ఈ రెండును వేడిచే గట్టిపరచిన లోహములు గావున వెల్డింగు చేసిన చోటుకు ఇరుప్రక్కల మెత్తబడును. కావున నేలచట్రమును వెల్డింగుతో గాక రివెట్లతోను బోల్టులతోను కూర్చుట మేలు. పైగా అల్యూమినియము 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగగా, దానిపై సహజముగా నేర్పడు ఆక్సైడు పొర 2,000 డిగ్రీలు దాటినగాని కరుగదు; ఆ పొరను తొలగింపక, తగిన యంత్రము లేక, పలుచని అడుగురేకుపై వెల్డింగుకు పూనుకొనినచో పొర నిలిచియుండగనే క్రింది లోహము కరిగి కారిపోవును. ఉక్కును అతికి పేరు వడసిన చేతులు సైతము మొదట వృథా రేకుపై సాధన చేయుట యుక్తము.

ఇక బరువు. పొడవు 3.6 మీటర్లు, వెడల్పు ఒక మీటరు గల పడవ, ముందుభాగము పైకి లేచియుండుటచే, నీటిని సుమారు 3 చదరపు మీటర్ల మేర తాకుననుకొందము. అది ఒక సెంటీమీటరు దిగుటకు 30 కిలోల భారము చాలును. డొల్ల 60, ఇద్దరు మనుషులు 140, సీసపు బ్యాటరీ 55, మోటారు 15, నేలయు పెట్టెలు 60, వలలు చేపలు 60 కిలోలు. మొత్తము 390 కిలోలకు పడవ 13 సెంటీమీటర్లు దిగును. ఇది భయపడదగిన లోతు కాదు. భయము ఎత్తులో కలదు. అమెరికా దేశపు గాలపు వేటగాండ్రు నిలిచి గాలము విసరుటకై పడవ ముందుభాగమున 30 సెంటీమీటర్ల ఎత్తున అరుగు కట్టుదురు. 70 కిలోల మనిషి ఆ అరుగెక్కినంతనే పడవ మొత్తము గురుత్వకేంద్రము 5 సెంటీమీటర్లు పైకి జరుగును. ఇద్దరు ఎక్కి నిలిచిరేని, ఒక మీటరు వెడల్పు పడవకు ఒరిగిన పిమ్మట లేచు శక్తి దాదాపు సగమునకు తగ్గిపోవును. నీటిపై పడవ పరచుకొను వెడల్పు ఘనముననుసరించి ఈ శక్తి మారును గనుక, వెడల్పు 1.2 మీటర్లైనచో అదే 1.7 రెట్లకు చేరును. కావున ఇరుకు పడవపై అరుగు కట్టుట నా దృష్టిలో నిషిద్ధము. మన చెరువులలో ఆ అరుగు వలన ప్రయోజనమును స్వల్పమే. మనవాడు పెక్కుసారులు గాలముతో గాక వలతో వేటాడును, కూర్చుండియో వంగియో వలను లాగును.

వల అనుమాటతో పడవ రూపమే మారవలెను. గాలము విసరువానికి అనువైన పడవలో కొక్కెములు, గిలకలు, కఱ్ఱలను నిలుపు గొట్టములు, పైకి పొడుచుకొని వచ్చు బోల్టుతలలు ఎన్ని యున్నను బాధలేదు. సన్నని నైలానుదారపు వలను అంచుమీదుగా లాగువానికి వానిలో ప్రతిదియు ముల్లే. ఒక్క కొన తగిలి వల చినుగుటయే గాక, నీటిలోని వల పడవను ఒకవైపునకు గుంజునపుడు అది పట్టుకొనిన చోట పడవ హఠాత్తుగా ఒరుగును. అందుచే ఈ ప్రాంతమునకు తీర్చు పడవలో అంచు నున్నగా, వీలైనచో చీల్చిన హెచ్.డి.పి.ఈ. గొట్టమును తొడిగి యుండవలెను. రివెట్లతలలు చదునుగా, బోల్టుల కొనలు లోపలివైపునకు తిరిగి, మూతనట్లతో కప్పబడి యుండవలెను. వల కుప్పగా పడు నడిమితావు ఖాళీగా నుండవలెను. చేపల పెట్టెను తడి గోనెతోనో మంచుతోనో నింపుటకు వీలుగా, కదల్చుటకు అనువుగా నిర్మింపవలెను. బ్రతికిన చేపకై నీటితొట్టి కట్టుట కొరమీను విషయమున తప్ప వ్యర్థభారము. కొరమీను గాలిని సైతము పీల్చు జాతి గనుక కొద్ది నీటిలోనే జీవించియుండును, బ్రతికినదానికే మంచి ధర పలుకును. కావున దానికి మూతగల చిన్న తొట్టి చాలును.

నేలను అడుగురేకుకు నేరుగా బిగింపరాదు. అడ్డబద్దలపై నిలుపవలెను, దానిక్రింద నీరు వెనుకభాగపు బిరడావైపునకు స్వేచ్ఛగా పారుటకు దారి విడువవలెను. నేలకు 9 లేక 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్డు వాడుక. ఇచట ఒక మెలకువ కలదు. ఐ.ఎస్. 710 ముద్రగల ఈ చెక్కకు పురుగు పట్టకుండ సంరక్షక ద్రవ్యము పట్టింతురు, అందు తరచుగా రాగి లవణములుండును. తడిసిన చెక్క అల్యూమినియమును తాకియున్నచో ఆ రాగి లోహమును గుంటలు గుంటలుగా తినివేయును. కావున చెక్కను కోసి, రంధ్రములు వేసిన తర్వాత, అంచులతోను రంధ్రముల లోపలితోను సహా ఎపాక్సీతో రెండు మూడు పూతలు పూసి, బద్దకును చెక్కకును నడుమ రబ్బరు పట్టీ నుంచవలెను. చెక్కను వదలి గళ్లరేకు పరచినచో ఖర్చు హెచ్చినను ఈ బాధయే లేదు. తివాచీ వంటి పరుపు అతికించుట ఎంతమాత్రము కూడదు. అది తడిని నిలువచేయును, చేపల జిగటను పట్టుకొనును. నేలకు లేతరంగు వేసి, పచ్చిగా నున్నప్పుడే సన్నని ఇసుక చల్లినచో కాలు జారదు. నల్లరంగు నేలపై వైశాఖపు మధ్యాహ్నమున పాదము మోపలేము.

నురుగుపలకల లెక్క సులభము. అల్యూమినియము నీటికంటె 2.7 రెట్లు బరువైనది. 60 కిలోల డొల్ల నీట మునిగినపుడు స్థానభ్రంశము గావించిన 22 లీటర్ల నీటి బరువును కోల్పోయి 38 కిలోలుగా తూగును. బ్యాటరీ మోటారులకు మరి 40 కిలోలు, పడవను పట్టుకొని తేలు ఇద్దరికి 20 కిలోలు కలిపి, నూరు లీటర్లకు తగ్గని నురుగు, భద్రతకై 120 లీటర్లు, అవసరము. దానిని నేలక్రింద నింపినచో నిండిన పడవ బోర్లపడును. ఇరుప్రక్కల అంచులక్రిందను, ముందువెనుకల బల్లల క్రిందను ఎత్తుగా అమర్చినగాని అది నిటారుగా తేలదు. డబ్బాలలోని రెండు ద్రవములను కలిపి పోయగా పొంగు నురుగు మూలమూలలకు చేరుటచే ఆకర్షించును గాని, కాలక్రమమున నీటిని పీల్చి, దానిని బయటికి రానీయక రేకును మరుగున తినిపించును. పఫ్ ప్యానెళ్ల రేకును ఒలిచి, పలకలను కోసి, తీసి చూచుటకు వీలుగా పేర్చుటయే శ్రేయము. పెట్రోలు తగిలినచో థర్మోకోలు కరుగునని మరువరాదు.

రివెట్ల విషయమున క్లుప్తముగా: నీటిమట్టమునకు దిగువ నిండురివెట్లో, మూసిన కొనగల పాప్ రివెట్లో మాత్రమే, పాలీయురితేను సీలంటుతో తడిపి కొట్టవలెను. నడుమ తూటుగల సాధారణ పాప్ రివెట్టు నీటిని కారనిచ్చును, దానియందు మిగులు ఉక్కుముక్క తుప్పు పట్టును. భోజరాజకృతమని ప్రసిద్ధి గాంచిన ‘యుక్తికల్పతరువు’ సముద్రనౌకల పలకలను ఇనుముతో కూర్చరాదనియు, అయస్కాంత శిలలు ఆ ఇనుమును గుంజి నౌకను ఆపదపాలు గావించుననియు చెప్పినది. అల్యూమినియపు పడవకు ఆ నిషేధము వేరొక కారణమున అక్షరాల వర్తించును: ఇనుము, ఇత్తడి, రాగి ఇవి ఏవియైనను తడిలో అల్యూమినియమును తాకినపుడు ఆ రెండు లోహములు చిన్న విద్యుద్ఘటముగా నేర్పడి, అల్యూమినియమే క్షయించును. స్టెయిన్‌లెస్ బోల్టులు వాడక తప్పనిచోట నైలాను వాషర్లు తొడుగవలెను.

మోటారు విషయమున, హైదరాబాదునకు త్రాగునీరిచ్చు సింగూరు మంజీరాలలో నూనె చిందని విద్యున్మోటారే ఉచితము. 55 పౌండ్ల తోపుగల 12 వోల్టుల మోటారు పూర్తి వేగమున 50 ఆంపియర్ల మేర లాగును. 100 ఆంపియర్–గంటల సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీచేయరాదు గనుక పూర్తి వేగమున ఒక గంట, మెల్లగా పోయినచో అంతకు పెక్కురెట్ల కాలము నడుచును. ఇన్వర్టరుకు వాడు 150 ఆంపియర్–గంటల ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకు పైబడియుండగా, 100 ఆంపియర్–గంటల లిథియం–ఐరన్–ఫాస్ఫేటు బ్యాటరీ 12 కిలోలకు అటునిటుగా తూగును. ఖరీదైనను, పడవలో ఇంతకంటె సార్థకమైన వ్యయము మరొకటి లేదు. బ్యాటరీని నేలపై, పడవ నడుమకు దగ్గరగా కట్టి, మోటారువరకు రెండు దట్టమైన తీగలను వేయవలెను. ఫ్యూజు బ్యాటరీ చెంతనే యుండవలెను. కారులో వలె డొల్లనే తిరుగుతీగగా వాడుట పడవ అడుగును చేతులార కరిగించుటయే.

ఇక ఈ ప్రాంతమునకే ప్రత్యేకమైన విషయము, నీటి స్వభావము. అల్యూమినియమును కాపాడునది దాని ఆక్సైడు పొర. ఆ పొర సుమారు 4 మొదలు 8.5 వరకు పి.హెచ్. గల నీటిలో నిలుచును, అంతకుమించిన ఆమ్లమునందును క్షారమునందును కరుగును. క్లోరైడు లవణములు దానికి సూదిరంధ్రములు పొడుచును. నీటిలో లేశమాత్రముగా నున్న రాగి లోహముపై పేరుకొని క్షయమును త్వరపెట్టును. పాదరసము తగిలినచో రేకు పెళుసై పొడియగును. పటాన్‌చెరు బొల్లారముల పరిశ్రమల వ్యర్థజలములు దశాబ్దములపాటు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరావైపు పారినవి. 1990లో ఈ అన్యాయమును గూర్చి సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది, 2001లో అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు బదిలీయైనది. నడుమ 1994లో పటాన్‌చెరున ఉమ్మడి శుద్ధికర్మాగారము పనికి వచ్చినది. ఆ ఊరి వైద్యుడు అల్లాణి కిషన్‌రావు తన రోగుల దేహములలో ఈ నీటి ఫలితమును చూచి, జీవితాంతము దానికై పోరాడినారు. అయినను 2017 అక్టోబరులో గండిగూడెము చెరువున చేపలు రాశులుగా చచ్చి తేలినవి. పడవ రేకు చెడినచో మార్చుకొనవచ్చును; చేప చచ్చిన చెరువున వృత్తిదారునికి పడవయే నిరర్థకము. అందుచే ఈ ప్రాంతమున పడవకు పూనుకొనువాడు రేకు కొనుటకు ముందే, తాను దిగు నీటి పి.హెచ్.ను చౌకగా దొరకు పట్టీతోనైన పరీక్షించుట నా మనవి. వాగుల నీరు తాకు చోట నడుపువారు డొల్లకు ఎచ్ ప్రైమరును, ఆపై ఎపాక్సీ రంగును వేసి, తిరిగి వచ్చిన ప్రతిసారి మంచినీటితో కడుగవలెను. రాగి కలిసిన నాచునిరోధక రంగులను ఈ లోహముపై పూయనే కూడదు.

అనుమతుల సంగతి పడవకంటె ముందు విచారింపదగినది. చెరువులలో చేపలు పట్టు హక్కు సాధారణముగా ఆయా గ్రామ మత్స్య సహకార సంఘములది. మంజీరా బ్యారేజి జలములు 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడినవి. అచట మొసళ్లు నివసించును, వేట నిషిద్ధము. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువును గూడ ఆ గౌరవముతోనే చూడవలెను. యంత్రముగల పడవ నమోదు విషయమున 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టమును పరిశీలింపవలెను.

పని ముగిసిన పిమ్మట మొదటి పరీక్ష నేలమీదనే జరుగవలెను. పడవను దట్టమైన దిమ్మలపై, అడ్డబద్దలకు సరిగా క్రింద ఆనునట్లు నిలిపి, లోపల 10 సెంటీమీటర్ల మేర నీరు నింపి, వెలుపల సుద్దతో చెమ్మ కనబడిన రివెట్లను గుర్తింపవలెను. ఆ నీరే సుమారు 300 కిలోల బరువు గనుక దిమ్మలు బలహీనమైనచో అడుగు వంగిపోవును. రెండవ పరీక్ష మొలలోతు నీటిలో, లైఫ్ జాకెట్లు తొడిగి, మోటారు బ్యాటరీలను విప్పి, వాని బరువునకు సరిపడు ఇసుకసంచులను వాని తావున కట్టి చేయునది. పడవను కావలెననియే నీటితో నింపి, అది నిటారుగా తేలునో లేదో, ఇద్దరు అంచును పట్టుకొని వ్రేలాడినను నిలుచునో లేదో చూచి, ఒకవైపునకు ఒరిగినచో ఆ వైపు నురుగుపలకలను పెంచవలెను. ఆ తర్వాత ప్రతి వేసవిలో నీరు తగ్గినపుడు నేలపలకను ఎత్తి, బోల్టుల చుట్టును చెక్క తాకు చోట్లను తెల్లని పొడి కనబడునేమో వెదకి, కనబడినచో అచట గీకి, కడిగి, నడుమనున్న రబ్బరు పట్టీనో వాషరునో మార్చి బిగింపవలెను.